జెర్సీ కాలర్‌కి పసుపు

ఈ పరాయిదేశంలో, పాపకూర అనే ఊళ్ళో, మా పక్కింటాయన్ని, ఇక్కడివాడే అయినా, మా అమ్మాయి తాతా అని పిలిచేది. రగ్బీ లీగ్ ఆటని జనం చిన్నచూపు చూసే రోజుల్లో ఆడి, ఇక్కడ క్లబ్ పెట్టి, జుట్టు నెరిసేదాకా దాని సెక్రటరీగా చాకిరీ చేసిన మనిషి. గుండె బాగాలేదు, ఇంట్లో కూర్చోమని డాక్టర్లంటే, ఆడపిల్లల టీమ్ గ్రౌండ్‌లో దిగేదాకా కూర్చోనని మొండికేశాడు.

ఇంకొక్క పిల్ల దొరికితే టీమ్ తయారవుతుందట. మా అమ్మాయిని పంపమని మా ఇంటికొచ్చాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఆడపిల్ల! పళ్ళు రాలితే ఎవరిది పూచీ?" అన్నాను.

ఆయన కట్టుడుపళ్ళ సెట్టు తీసి చేతిలో పెట్టుకుని, "నాకేం తక్కువైంది?" అని బోసినోటితో నవ్వాడు. నవ్వాపుకోలేక ఒప్పేసుకున్నాను.

మొదటి మ్యాచ్‌కి ముందురోజు కొత్త తెల్ల జెర్సీలు తెచ్చి ఇస్త్రీ చేయమన్నాడు. కొత్తబట్ట పసుపు పెట్టకుండా తొడుక్కోవడం మా ఇంటావంటా లేదు. అందులోనూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కుమ్ముకునే ఆటాయె. ప్రతి కాలర్‌కీ తడి పసుపు పెట్టాను.

పొద్దున గ్రౌండ్‌లో సంచీ విప్పగానే మా అమ్మాయి గొల్లుమంది.

"ఓ మై గాడ్, అమ్మా! ఎవ్రీ జెర్సీ!"

అవతలి టీమ్ పిల్లలు నవ్వారు. "నవ్వితే నవ్వనీ. దెబ్బలు తగలకూడదని పెట్టాను, తప్పా?" అని నేనూ గొంతు పెంచాను.

పెద్దాయన ఒక కాలర్ తడిమి చూశాడు. తర్వాత తన పాత క్లబ్ కోటు కాలర్ నా ముందుకు చాపి, "మరి నాకో?" అన్నాడు.

"పాతవాటికి పెట్టరండీ," అన్నాను, ఇంకా కోపంగానే.

మా పిల్లలు చిత్తుగా ఓడారు. ఆయన మాత్రం కప్పు గెలిచినంత సంబరపడ్డాడు. నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో!

ఈ చలికాలంలో ఆయన పోయాడు. ఆయన భార్య ఆ పాత కోటు పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"రేపు పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు ఆయనకి ఇదే తొడుగుతున్నాం. నువ్వు పసుపు పెట్టనన్నావని అందరికీ చెప్పుకుని నవ్వేవాడు," అంది.

నాకు దుఃఖం ఆగలేదు. పాతదైతే ఏం? వంటింట్లోకి వెళ్ళి పసుపు తడిపి తెచ్చి కాలర్‌కి పెట్టాను.

మర్నాడు ఆయన పెట్టెను మోసింది మా ఆడపిల్లలే, ఆ తెల్ల జెర్సీలు వేసుకుని. ఎన్ని ఉతుకులు పడ్డాయో, కాలర్ల మీద పసుపు ఇంకా పోలేదు.