చూపుడు వేలి వాసన

నిన్న ఉదయం రాయగడ నుంచి కోరాపుట్ వస్తున్న బస్సులో, నా పక్కన కూర్చున్న ముసలమ్మ బొడ్లోంచి చిన్న డబ్బా తీసి మూత తిప్పింది. మూత పూర్తిగా రాకముందే నాకు తెలిసిపోయింది. ముందు మాడిన బెల్లంపాకం తీపి, దాని వెనకే పొగాకు ఘాటు. గుడాకు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: పొగాకునీ బెల్లపు మడ్డినీ కలిపి నూరిన నల్లటి ముద్ద అది. మా వైపు చాలా ఇళ్ళలో పొద్దున లేవగానే వేలికి రాసుకుని పళ్ళు తోముకుంటారు. తోముకోవడం అయిపోయినా వేలు నోట్లోంచి తియ్యబుద్ధి కాదు, అదొక అలవాటు. ముసలమ్మ వేలు డబ్బాలోకి వెళ్ళేసరికి నా కుడిచేతి చూపుడు వేలు దానంతటదే పిడికిట్లోకి ముడుచుకుపోయింది. పద్నాలుగేళ్ళయినా ఆ వేలికి మరుపు రాలేదు.

ఆ వేలికి బుద్ధి చెప్పినావిడ పేరు పైడమ్మ. మాకు చుట్టం కాదు. రాయగడలో మా కిరాణా కొట్టు వెనక సందులో, రెండు గదుల రేకుల ఇంట్లో ఉండేది. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి పెళ్ళయి ఇటు వచ్చింది. భర్త తొందరగా పోయాడు, పిల్లలు లేరు. పద్మపూర్‌లో, లమ్తపుట్‌లో, చివరికి రాయగడలో, ముప్పై ఏళ్ళు పశువుల ఆస్పత్రుల్లో అటెండరుగా చేసింది. డాక్టరు సూది వేసేటప్పుడు ఎద్దు కొమ్ములు పట్టుకున్నదీ, కుక్క మూతి పట్టుకున్నదీ ఆవిడే. సంతకం తప్ప అక్షరం రాదు. రిటైరయ్యాక ఆవిడకు మిగిలిన తోడు ఒక్కటే: కర్రి అనే నల్లకుక్క. నేను ఆవిణ్ణి పెద్దమ్మా అని పిలిచేదాన్ని.

నేనేమో పదో తరగతితో చదువు ఆపేసి కొట్లో కూర్చున్నదాన్ని. అప్పటికి నా వయసు ఇరవై రెండేళ్ళు. మధ్యాహ్నం బేరాలు తగ్గగానే లైబ్రరీకి పరిగెత్తేదాన్ని. అక్కడి తెలుగు బీరువా ఒక్క ఏడాదిలో అయిపోయింది. తరవాత ఒడియా నేర్చుకున్నాను. ఆ తరవాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు. ఎవరూ నేర్పకుండా మూడు భాషల్లో చదవగలనని నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వం ఇప్పటికీ ఉంది, దాచుకోను. కాకపోతే అప్పట్లో పుస్తకంలో ఉన్నది నా చేతిలో ఉన్నట్టే అనుకునేదాన్ని.

పెద్దమ్మ ఒకరోజు అరుగు మీద కూర్చుని కర్రి పై పెదవి ఎత్తి చూస్తోంది. వెనక దంతాల మీద, చిగురును ఆనుకుని, గోధుమరంగు గార గట్టిగా పట్టి ఉంది. చిగురు ఎర్రగా వాచింది. కర్రి ఊపిరి తగిలితే కుళ్ళిన చేపల బుట్ట గుర్తొచ్చేది. నేను కూడా చూద్దామని చెయ్యి చాపాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపేసింది.

"ఆగవే అమ్మి. ముందు నీ సెయ్యి నువ్వు వాసన సూసుకో."

"ఎందుకు పెద్దమ్మా?"

"నీకు బాగుంటే అప్పుడు దానికి సూపించు. అది ఒప్పుకుంటేనే నోరు ముట్టుకో. మూతి తిప్పేసుకున్నాదా, ఆ పూటకి నీ పని అయిపోనాది. లెగిసి ఎల్లిపో."

ఆవిడ ఎడమ బొటనవేలి మీద తెల్లటి మచ్చ ఉండేది. కుక్క కరిచిందా అని అడిగాను. "కుక్క కాదే, నా తొందర కరిసింది," అని నవ్వేసింది.

మర్నాడే లైబ్రరీలో కుక్కల పెంపకం మీద ఒక ఇంగ్లీషు పుస్తకం పట్టుకున్నాను. అందులో దంతాల మీద ఒక అధ్యాయం మొత్తం ఉంది. రోజూ తోమాలట. తోమకపోతే గార చిగురు కిందికి దిగి, పళ్ళు కదిలిపోయి, నొప్పికి కుక్క తిండి మానేస్తుందట. ఒక వాక్యం కింద నేను నా నోట్‌బుక్కులో రెండు గీతలు గీశాను: మనుషులు వాడే టూత్‌పేస్టు కుక్కకు వాడకూడదు, కుక్క ఉమ్మెయ్యలేదు, మింగేస్తుంది. సాయంత్రం వెళ్ళి ఇదంతా పెద్దమ్మకు అప్పజెప్పాను.

"ఓలమ్మో, మా లైబ్రరీ పంతులమ్మొచ్చింది!" అంది ఆవిడ. "అయితే, ఆ పొస్తకం రాసినోలు మన కర్రిని సూసేరేటి?"

"కర్రిని చూడక్కర్లేదు పెద్దమ్మా. కుక్కలన్నిటికీ పళ్ళు ఒక్కటే."

"పల్లు ఒకటేనే. కుక్కలే ఏరు."

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆవిడ పద్ధతి నాకు నత్తనడకలా కనిపించేది. మొదటి వారం పెదవి ఎత్తడం, వదిలెయ్యడం, అంతే. రెండో వారం చుట్టూ ఏమీ లేని ఒట్టి వేలు. గుడ్డ ముక్క ఇంకా రానే లేదు. ఈలోగా అక్కడ చిగురు వాస్తోంది, ఇక్కడ పుస్తకం రోజూ తోమమంటోంది.

ఆ వారంలోనే పద్మపూర్‌లో ఉన్న వాళ్ళ చెల్లెలికి జబ్బు చేసిందని కబురొచ్చింది. ఒక్క రోజులో వచ్చేస్తానని, కర్రిని నాకు అప్పజెప్పింది.

"తిండి పెట్టు, నీల్లు పెట్టు. నోటి జోలికి మాత్రం ఎల్లకు. ఇన్నావా?"

విన్నాను. విని, మర్నాడు మధ్యాహ్నం దాని నోటి జోలికే వెళ్ళాను. ఆవిడ బస్సు దిగేసరికి ఆ గార పోయి ఉండాలి, పెదవి ఎత్తి తెల్లటి పళ్ళు చూపించాలి, అదీ నా ఆశ. దేనితో తోమాలన్నదే సమస్య. టూత్‌పేస్టు వద్దని పుస్తకం స్పష్టంగా చెప్పింది. నేను పుస్తకాన్ని దాటేదాన్ని కాను. అప్పుడు మా ఇంటి గూట్లో మా అమ్మ గుడాకు డబ్బా కనిపించింది. అది టూత్‌పేస్టు కాదు. నురగ రాదు. మా అమ్మ యాభై ఏళ్ళకీ చెరుకు నమిలేది, అది గుడాకు చలవేనని ఇంట్లో అందరి నమ్మకం. పుస్తకంలో ఆ అధ్యాయం నాలుగుసార్లు చదివాను, గుడాకు వద్దని ఎక్కడా లేదు.

వేలికి పాత పంచె ముక్క చుట్టి, ముద్ద అద్ది, పెద్దమ్మ వాకిట్లో కర్రి ముందు కూర్చున్నాను. అది వాసన చూసి మూతి తిప్పుకుంది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తిప్పుకుంది. ఎడమచేత్తో మూతి పట్టుకుని పెదవి ఎత్తి, రెండు వైపులా రుద్దేశాను. తీపి తగిలాక అది నాలికతో నాకడం మొదలుపెట్టింది. ఇష్టపడుతోందని సంతోషించి, ఇంకొంచెం అద్దాను.

అరగంట గడవలేదు. కర్రి నోటి నుంచి చొంగ దారాల్లా కారడం మొదలైంది. కక్కింది. మళ్ళీ కక్కింది. లేచి గోడ వైపు నడవబోయి, వెనక కాళ్ళు తడబడి కూలబడింది. తొడల మీద చర్మం వణుకుతోంది. డొక్కలు ఎంత వేగంగా ఎగిరిపడుతున్నాయంటే, లెక్కపెట్టబోయి మానేశాను. నేను పరుగున వెళ్ళి చెయ్యి కడుక్కున్నాను. ముందు కడగాల్సింది దాని నోరు. నేను నా చెయ్యి కడుక్కున్నాను.

సరిగ్గా అప్పుడే సందు మొదట్లో పెద్దమ్మ సంచీతో కనిపించింది. వాకిట్లోకి వస్తూనే సంచీ కింద పడేసి కర్రి దగ్గర కూలబడింది.

"ఏటి తిన్నాదే?"

"ఏటీ తినలేదు పెద్దమ్మా. అన్నమే."

"నోట్లో ఏటి పెట్టేవు?"

"ఏటీ పెట్టలేదు. ఉప్పునీళ్ళతో తుడిచేను, అంతే."

ఆ అబద్ధం నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. ఆవిడ నా ముఖం వైపు చూడలేదు. నా కుడిచెయ్యి పట్టుకుని ముందుకు లాగి, చూపుడు వేలు తన ముక్కు దగ్గర పెట్టుకుంది. నీళ్ళకు పోయే వాసన కాదది.

"గుడాకు," అంది. అడగలేదు, అంది. "బేగి ఆటో పిలు."

నేను ఆటో తెచ్చేలోపు ఆవిడ తడిగుడ్డతో కర్రి చిగుళ్ళూ నాలుకా తుడిచింది, గుడ్డ మార్చి మళ్ళీ తుడిచింది. కక్కించడానికి ఏదైనా తాగిద్దామా అని అడిగాను. "వణుకుతున్న కుక్క గొంతులో ఏటీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకెల్లిపోద్ది," అంటూనే దాన్ని ఒళ్ళోకి ఎత్తుకుంది. ఆటోలో దారంతా దాని తల తన మోచేతి మీద పక్కకు వాల్చి పట్టుకుంది, చొంగ బయటికే కారేలా. రైలు గేటు పడి ఉంది. గూడ్సు బండి ఒక్కో పెట్టే కదులుతుంటే నాకు నా అబద్ధం ఎంతసేపు పట్టిందో గుర్తొచ్చింది. ఆ గేటు తెరిచి ఉన్నప్పుడే మేము దాటి ఉండేవాళ్ళమేమో.

ఆస్పత్రిలో ఒడియా డాక్టరు కర్రి కళ్ళు చూసి, గుండె చూసి, ఏం తిన్నదని అడిగాడు. నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ చెప్పలేదు.

"నువ్వే సెప్పు. ఎంత పెట్టేవో, ఎప్పుడు పెట్టేవో, ఒక్కటీ దాసకుండా సెప్పు."

గుడాకు అన్నాను. ఏ భాషలోనైనా అది గుడాకే. డాక్టరు చేతిలో పని ఆపి నా వైపు ఒక్కసారి చూశాడు. రెండుసార్లు అద్దానని, కొంత మింగిందని, గంట కావస్తోందని చెప్పాను. కర్రిని లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మూసే ముందు దాని ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుని కొట్టుకోవడం కనిపించింది.

వరండాలో బల్ల మీద కూర్చున్నాం. ముప్పై ఏళ్ళు అలాంటి తలుపులకు అవతలి వైపు నిలబడిన మనిషి, ఇవతల చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ చీర మీద చొంగ ఎండిపోతోంది. ఎంతసేపటికీ నన్ను ఒక్క మాట అనదు.

"తిట్టు పెద్దమ్మా," అన్నాను.

"తిడితే నీకు బాగుంటాది. కర్రికి బాగోదు."

పొద్దు వాలింది. అప్పుడు డాక్టరు తలుపు తీసి, ఫిట్లు ఆగాయని, గండం గడిచినట్టేనని, ఇంకాస్త ఆలస్యమైతే తానేమీ చెయ్యలేకపోయేవాడినని అన్నాడు. లోపల బల్ల మీద కర్రి కాలికి సూది గుచ్చి ఉంది. పెద్దమ్మ చెయ్యి వాసన చూసి తోక చివర కదిపింది. నేను ఒక అడుగు ముందుకు వేసేసరికి మూతి అటు తిప్పేసుకుంది.

విషయం వీధంతా పాకింది. మా నాన్న కొట్లో అందరి ముందూ, "మా పండితులుగారు కుక్కకి గుడాకు అలవాటు సేసేరు బాబూ," అని నవ్వించేవాడు. నేను లైబ్రరీకి వెళ్ళడం మానేశాను. పుస్తకం తిరిగి ఇచ్చే గడువు దగ్గరపడినా అటక మీద పడేశాను. నాలుగో రోజున పెద్దమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పొస్తకం తే."

"వద్దు పెద్దమ్మా. పుస్తకం వల్లే ఇదంతా."

"పొస్తకం ఏటి సేసింది? ఆలకి మన ఈది తెలీదు. నీకు తెలుసు కదేటి? తే, సదువు."

ఆ అధ్యాయమంతా తెలుగులో చెబుతూ చదివాను. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. చిగురూ పన్నూ కలిసే గీత దగ్గరే ముఖ్యంగా తోమాలన్నచోట "అది నిజం" అంది. గట్టి ఎముకలు కొరికితే పళ్ళు విరుగుతాయన్నచోట "అదీ నిజం, ఎన్ని సూసేనో" అంది. గట్టిపడిన గార ఇంట్లో గోకకూడదు, డాక్టరే తియ్యాలి అన్నచోట నన్ను ఆపి మళ్ళీ చదివించుకుంది. "ఇది నాకు తెలీదే. నాను గోటితో గోకీదాన్ని," అంది. ఆ మాట ఆవిడ ఎంత మామూలుగా అన్నదో! తెలియనిది తెలియదని నాకూ అలా చెప్పడం వచ్చి ఉంటే, ఆ మధ్యాహ్నం నేను అబద్ధం ఆడి ఉండేదాన్ని కాదు. టూత్‌పేస్టు వాక్యం రాగానే నా నోట్‌బుక్కు తెరిపించింది. "దాని కింద రాయి: గుడాకు. జరదా. ఉప్పు. బొగ్గుపొడి. మన ఇల్లల్లో పల్లు తోమీవన్నీ రాయి." రాశాను. ముప్పై ఏళ్ళలో చూసినవన్నీ ఆవిడ చెబుతుంటే పేజీ నిండిపోయింది.

కర్రి మాత్రం అంత తొందరగా నన్ను క్షమించలేదు. రోజూ సబ్బుతో చెయ్యి కడుక్కుని, వాసన చూసుకుని, దానికి రెండడుగుల దూరంలో అరచెయ్యి నేల మీద పెట్టి కూర్చోవాలి. అది మూతి తిప్పుకుంటే లేచి వచ్చెయ్యాలి. ఇరవై రోజులు తిప్పుకుంది. ఇరవై ఒకటో రోజు దగ్గరికొచ్చి నా వేళ్ళ మధ్య ముక్కు పెట్టి, చాలాసేపు పీల్చి, అక్కడే పడుకుంది. గార డాక్టరు తీసేశాడు. ఆ తరవాత పళ్ళు శుభ్రంగా ఉంచడం నా పని అయింది: కోడిమాంసం ఉడికించిన నీళ్ళలో తడిపిన మెత్తటి గుడ్డ, ఆ తరవాత మెత్తటి బ్రష్షూ కుక్కల కోసం చేసిన పేస్టూ. పెదవి ఎత్తి, బయటి వైపు మాత్రమే, చిన్న చిన్న సున్నాలు చుడుతూ, వెనక పళ్ళ దాకా. కర్రి మరో ఆరేళ్ళు బతికింది. దాని తరవాత రెండేళ్ళకు పెద్దమ్మ పోయింది.

నిన్న బస్సు దిగి ఇంటికొచ్చేసరికి మా గోధుమరంగు కుక్క బ్రష్షు ఉన్న గూడు కింద కూర్చుని ఎదురుచూస్తోంది. చెయ్యి కడుక్కున్నాను. చూపుడు వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సబ్బు వాసనే. కానీ దాని అడుగున, ఎక్కడో, మాడిన బెల్లం. నేను ఆ డబ్బా ముట్టుకోలేదు, నాకు తెలుసు. బస్సులో ముట్టుకున్న కమ్మీది కావచ్చు, నా భ్రమే కావచ్చు. కుక్క తోక ఊపుతూ మూతి చాపింది. ఉండమని చెప్పి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ కడుక్కున్నాను.