గాజుజాడీలో కొవ్వొత్తి

మా అక్క పోయింది. మైదుకూరులో సువార్త కూడికలో ప్రసంగం ముగించుకుని బస్టాండులో టీ తాగుతుండగా ఆమె కొడుకు ఫోను చేశాడు. "అమ్మ లేదు మామా. గుండె నిలిచిపోయింది" అన్నాడు. టీ గ్లాసు అక్కడే పెట్టి, డోన్ దగ్గరి మా ఊరి సంఘపెద్దకు ఫోను కలిపాను. గంట కొట్టించమని అడగడానికి.

మా ఊరి మందిరంలో ఒక వాడుక ఉంది. విశ్వాసి కన్నుమూస్తే గంట కొడతారు. పొలంలో ఉన్నవాడు పార వదిలి నిలబడతాడు, పొయ్యి దగ్గరున్నామె కొంగు తల మీద కప్పుకుంటుంది. ఆ గంట మోగితేనే పోయిన మనిషి మన మనిషని ఊరు ఒప్పుకున్నట్టు. సంఘపెద్ద ఎట్లా పోయిందని అడగలేదు. "మీయక్క ఆదివారం గుడికొచ్చి ఎన్నాళ్లయిందప్పా?" అన్నాడు.

అక్క కర్నూలులో ఒక పరిశోధనశాలలో మలేరియా క్రిములను పెంచేది. ఆ మాట వినగానే మా వాళ్లకు ఒళ్లు జలదరించేది. మా బావ మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేస్తూ అదే మలేరియా చలిజ్వరంతో పోయాడు. మందు పడినా జ్వరం దిగలేదు. ఎందుకు దిగలేదని అక్క అడిగితే డాక్టరు చెప్పలేకపోయాడు. బీయస్సీ చదివి ఇంట్లో ఉన్న మనిషి, ఆ జవాబు వెతుక్కుంటూనే ఆ పనిలో చేరింది. క్రిమిని బతికించి పెంచితేనే ఏ మందుకు చస్తుందో, ఏ మందుకు చావదో తెలుస్తుందట.

ఒకసారి నన్ను లోపలికి తీసుకెళ్లి చూపింది. గాజు పళ్లేల్లో మనిషి రక్తం, దాని మీద ఎర్రటి పోషకద్రవం. ఆ పళ్లేలను పెద్ద గాజుజాడీలో పెట్టి, పక్కన కొవ్వొత్తి వెలిగించి మూత వేసింది. మంట సన్నబడి ఆరబోతుండగా మూత మీది బిరడా తిప్పి మూసింది.

"ఆర్పేసినావేమక్కా?"

"నేనార్పలేదప్పా, అదే ఆరింది. ప్రాణవాయువు ఎక్కువుంటే ఇవి బతకవు. మంట తినేది తిని ఆరితేనే లోపల ఇవి పెరిగేది. పెద్దపెద్ద చోట్ల గాలి సిలిండర్లు ఉంటాయంట. మాకు కొవ్వొత్తే దిక్కు. గుళ్లో వెలిగించేది ఈడ గూడా పనికొస్తాది సూడు."

ఆ జాడీని మనిషి ఒంటి వేడి ఉండే పెట్టెలోకి ఎత్తి పెట్టింది. తర్వాత నా తల వంచి సూక్ష్మదర్శినిలో చూడమంది. రక్తకణాల లోపల సన్నని ఊదారంగు ఉంగరాలు, ఒక్కోదానికి ఒక రాయి పొదిగినట్టు.

"బాగుండాయి గదా" అంది. "మీ బావను తీసకపోయింది ఈ ఉంగరమే."

ఆమె వేలికి ఉంగరం లేదు.

రక్తంలోనే ప్రాణమున్నదని నేను ఊరూరా తిరిగి ప్రకటించాను. ఆ మాటకు అంత బరువుందని ఆనాడే తెలిసింది.

పళ్లేల్లో పాత ద్రవం తీసి కొత్తది రోజూ పోయాలి. మానితే క్రిములు చస్తాయి. "పురుగుకు ఆదివారం తెలీదప్పా" అనేది అక్క. ఊళ్లో మాత్రం వేరే మాట నడిచింది. "పరిశుద్ధ దినాన చలిజరానికి అన్నం పెట్టే దానికి పోతాండాదంట మీయక్క" అన్నాడు సంఘపెద్ద, అందరి ముందర. గుంటలో పడ్డ గొర్రెను విశ్రాంతిదినాన పైకి తీయరా అని ప్రభువు అడిగిన మాట ఎత్తాను. "గొర్రె వేరు, జరం వేరప్పా" అన్నాడాయన. సంఘం నవ్వింది. వాక్యం చదివిన చోట ఆ నవ్వు విన్నాను.

ఒకసారి పళ్లేల్లో పోయడానికి రక్తనిధిలో 'ఓ' గ్రూపు రక్తం దొరకక, అక్క సాయంకాల ప్రార్థనకు వచ్చి సంఘాన్ని అడిగింది. ఒప్పుకున్నవాళ్లే ఇమ్మంది.

"మనుషులకు ఎక్కించే దానికైతే ఇస్తాం. జరానికి తాపే దానికి ఎవురిస్తారమ్మా?" అన్నాడు సంఘపెద్ద.

"నీకు జరమొచ్చినప్పుడు అడగకుండానే తాగుతాదిలేన్నా" అంది అక్క.

ఎవరూ లేవలేదు. నాది ఆ గ్రూపే కనుక నేను వెళ్లాను. సూది గుచ్చుతుంటే అక్క పక్కన నిలబడి, "నీ రక్తంలో కోపం శానా ఉండాది. నా పురుగులు గూడా మైకు పట్టుకోని అరుస్తాయేమో" అని నవ్వింది. మందు ఎందుకు పనిచేయలేదో తెలిసిందా అక్కా అని అడిగాను.

"రోంత తెలిసింది. ఆ రోంతకే నా బతుకంతా సరిపోయింది."

శవం ఊరికొచ్చాక నేనే గంట తాడు దగ్గరికి పోయాను. తాడు పైకెత్తి కట్టేశారు. సంఘపెద్ద వాకిట్లో నిలబడి ఉన్నాడు. "ఆదివారం ప్రభువు బల్ల రొట్టెలో పాలు పొందనోళ్లకు గంట లేదప్పా. కట్టుబాటు కట్టుబాటే" అన్నాడు. సమాధుల్లో బావ పక్కన చోటిచ్చారు, గంట ఇవ్వలేదు. పొలాల్లో ఎవరూ పార వదలలేదు. గడచిన వానకాలం ఈ పెద్దమనిషే చలిజ్వరంతో దుప్పట్ల కింద వణికాడు. తనను లేపి కూర్చోబెట్టిన మాత్రను ముందుగా ఎవరు, ఏ పళ్లెంలో పరీక్షించారో ఆయన అడగలేదు. అది ఏ ఆదివారం జరిగిందో కూడా అడగలేదు. పైకి తెలుపు, లోపల కుళ్లు, సున్నం కొట్టిన సమాధులని ప్రభువు ఎవరిని గద్దించాడో నేను విడమరచి చెప్పనక్కర లేదు. తర్వాత అక్క పేరిట జరిగిన ఆదరణ కూడికలో "మన సహోదరి శానా సేవ చేసింది" అని ఆయన మైకు ముందర అన్నప్పుడు నేను లేచి బయటికి వచ్చేశాను.

మొన్న ఈస్టరు తెల్లవారుజామున ఊరంతా సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించింది. గాలికి ఆరిపోకుండా అందరూ చేతులు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. నేను అక్క సమాధి మీద ఒకటి వెలిగించి, ఇంటి నుంచి తెచ్చిన గాజుజాడీ దాని మీద బోర్లించాను.

సంఘపెద్ద అటుగా పోతూ ఆగాడు. "ఊపిరాడక ఆరిపోతాది గదప్పా."

"ఆరనీన్నా" అన్నాను.

మంట సన్నబడింది, నీలంగా మారింది, ఆరింది. అంతలో ఆరాధనకు పిలుస్తూ మందిరంలో గంట మోగింది. అందరూ లేచి దుమ్ము దులుపుకుని అటు నడిచారు. నేను లేవలేదు. తెల్లటి పొగ జాడీ లోపల మెల్లగా తిరుగుతూ ఉంది.