గడియ మీద చెయ్యి

అహల్య నందిగామలో పుట్టి, పురాణం వింటూ పెరిగింది. తండ్రి అనంతపద్మనాభం సాయంత్రాలు భారతం చదివి అర్థం చెప్పేవాడు. కష్టం దగ్గర పుస్తకం మూయకూడదని ఆయన పట్టింపు. పొద్దుపోతే నాలుగు ఆకులు తిప్పేసి, ఒక వరం దగ్గరో ఒక పెళ్ళి దగ్గరో ఆగేవాడు. విన్నవాళ్ళు మంచిమాట వెంటబెట్టుకుని ఇంటికి వెళ్ళాలనేవాడు.

పెళ్ళయ్యాక ఆ అలవాటు అహల్యతోపాటు జగ్గయ్యపేట వచ్చింది. భర్త బాలసుబ్రహ్మణ్యం కచేరీకి వెళ్ళాక మధ్యాహ్నాలు ఆమె సీతారావమ్మ వరండాలో కూర్చునేది. సీతారావమ్మ పెద్దరైతు ఇల్లాలు, మహిళా మండలికి ప్రెసిడెంటు. ఆడవాళ్ళు మిరపకాయల తొడిమలు తీస్తుంటే అహల్య నవల చదివేది. ఎర్రటి గుట్టల మధ్య ఆమె గొంతు సన్నటి నీటిపాయలా పారేది. రోజంతటిలో ఆమెకు తనదనిపించే చోటు ఆ కుర్చీ ఒక్కటే.

అమెరికా నవలలు తెలుగులో చవగ్గా దొరుకుతున్న రోజులవి. ఆ వేసవిలో ఒకటి మొదలుపెట్టింది. దుమ్ము రేగే గోధుమ పొలాలు, వాన మొహం చూడని ఏళ్ళు, పెళ్ళాంతో పోట్లాడి ఇల్లు విడిచిపోయిన రైతు. మబ్బు కోసం మెడలెత్తి అలిసిన మెట్ట ఊళ్ళవాళ్ళకు ఆ రైతు పరాయివాడు కాలేదు. మధ్యలో ఒకనాడు, బిడ్డకు జ్వరం వచ్చిన అధ్యాయం దగ్గర పొద్దు వాలింది. అహల్య దాన్ని దాటేసి, పొలం మీద నాలుగు చినుకులు పడ్డ చోట ఆపింది. మర్నాడు, "పాపం, ఆ బిడ్డ పోయింది" అని ఒక్క మాటతో ముందుకు సాగింది.

చివరి పేజీ వచ్చింది. రాత్రి, గాలి, బయట అడుగుల చప్పుడు. ఆ రైతు పెళ్ళాం లేచి తలుపు గడియ మీద చెయ్యి వేసింది. అహల్య పుస్తకం మూసింది.

"తర్వాత?" అంది సీతారావమ్మ.

"అయిపోయింది పిన్నిగారూ."

"వచ్చిందెవరు?"

"రాయలేదండీ."

"రాయకపోవడమేంటి? ఆఖరి కాగితాలు ఊడిపోయుంటాయి. చూడు."

ఊడలేదని చెప్పినా వినలేదు. బస్సులో నందిగామ వెళ్తున్న పొరుగింటి శాంతయ్యకు చెప్పి, అక్కడి లైబ్రరీ నుంచి ఇంకో ప్రతి తెప్పించింది. అందులోనూ కథ గడియ దగ్గరే ఆగింది. కానీ దాన్నీ చదివింది అహల్యే కదా, సీతారావమ్మకు నమ్మకం కుదరలేదు. తొడిమ తుంచి పక్కన పడేసింది.

"బిడ్డ చావు మాకు సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు మొగుడి చావు దాస్తన్నావు. మమ్మల్ని చంటిపిల్లలనుకున్నావా? రేపట్నుంచి రామాయణం పెట్టుకుందాం. చదవటానికి ఇంకెవర్నన్నా చూసుకుంటాం."

మొగుడు తిరిగొచ్చాడని ఒక్క ముక్క కల్పిస్తే చాలు, కుర్చీ నిలుస్తుంది. తండ్రి అయితే అలాగే చేసేవాడేమో. అహల్య కల్పించలేదు. నందిగామ ప్రతి తీసి, తను దాటేసిన అధ్యాయం తెరిచింది.

"మీకు వినిపించనిది ఇదొక్కటే. వినండి."

జ్వరంతో బిడ్డ మూలుగుతోంది. తలుపు చప్పుడైంది. మొగుడే అనుకుంది ఆ ఇల్లాలు, కోపం దిగలేదు. "ఎవరది?" అని లోపలినుంచే అడిగింది. దుమ్ముగాలిలో జవాబు వినబడలేదు. తీయలేదు. వచ్చినవాడు మందు తెచ్చిన పొరుగువాడు. తెల్లారేసరికి బిడ్డ లేదు.

వరండాలో చేతులన్నీ ఆగిపోయాయి. అహల్య పుస్తకాన్ని పుష్పవతికిచ్చింది. పుష్పవతి మండలిలోనే అక్షరాలు నేర్చుకున్న మనిషి. చివరి పేజీని వేలితో నెట్టుకుంటూ, ఒక్కో మాటా పైకి చదివింది. గడియ దగ్గరకొచ్చి తలెత్తింది.

"ఈసారి ఎవరని అడగలేదేంటమ్మా?"

"అందుకే రాసినాయన అక్కడ ఆపాడు" అంది అహల్య. "వచ్చింది ఎవరైనా ఆమె తీస్తుంది. కథ అక్కడికి చేరడానికే ఇంత దూరం నడిచింది. మొగుడొచ్చాడా లేదా అన్నది ఇంకో కథ. ఆ అధ్యాయం మింగేసి మీకు ఈ ముగింపు అందకుండా చేసింది నేనే."

"దొంగయితేనో?" అంది సీతారావమ్మ.

"దొంగయినా తీస్తుంది."

"అయితే అదొట్టి పిచ్చిది."

"పిచ్చిదేంటి అత్తా, కడుపుకోత" అంది పుష్పవతి.

"నీకేం తెలుసే. నాలుగక్షరాలు రాంగానే నాకు చెప్పొచ్చావు. నేనైతే కిటికీలోంచి చూసి మరీ తీస్తా."

"నువ్వు చూసేలోపల ఆ వచ్చినాయన పోతాడు."

వాదులాట చాలాసేపు సాగింది. కొందరు మొగుణ్ణి తెచ్చారు, కొందరు చంపారు. అహల్య ఎవరినీ దిద్దలేదు. చివరికి సీతారావమ్మ ఒళ్ళోని తొడిమలు దులుపుకుని లేచింది.

"రేపూ నువ్వే చదువు. ఏదీ దాటెయ్యమాక."

"దాటనండీ. ముగింపు మాత్రం నన్నడక్కండి."

"అడుగుతాం. నువ్వు చెప్పమాక."