మానిన చోటు

బట్టల్లో చిరుగులను ఆనవాలు తెలియకుండా పూడ్చడం మా పెదనాన్న పని. అయినా బట్ట తిరిగిచ్చేటప్పుడు కుట్టిన చోటు వేలితో చూపించి, "ఇక్కడ లాగకండి, పోతే మళ్లీ ఇక్కడే పోతుంది" అని చెప్పనిదే ఎవరినీ గుమ్మం దాటనిచ్చేవాడు కాదు.

వేళ్ల కీళ్లు వాచి సూది పట్టలేకపోయినప్పుడు, డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు రాస్తూ, ఇదివరకు కడుపులో పుండ్లేమైనా ఉండేవా అని అడిగాడు. పెద్దమ్మ నోరు తెరిచేలోపే, "అబ్బే, అలాంటివేం లేవండీ" అనేశాడు.

బయటికొచ్చాక పెద్దమ్మ నిలదీసింది. "అల్సరుతో మంచాన పడ్డావు కదయ్యా!"

"అదెప్పుడో మానిపోయిందే! మానినదాన్ని కూడా ఊరంతా చాటాలా?"

వాపు చేత్తో తీసేసినట్టు పోయింది. ఈల వేసుకుంటూ మళ్లీ పనిలో పడ్డాడు. లోపల నెత్తురు కారి మలం నల్లబడినా ఆ మొండిఘటం ఎవరికీ చెప్పలేదట. ఒక మధ్యాహ్నం నెత్తురు కక్కుకుని బల్ల మీదే ఒరిగిపోయాడు. పాత పుండే తిరగబెట్టిందని, ముందే తెలిస్తే కడుపును కాపాడే మందు కూడా ఇచ్చేవాళ్లమని ఆసుపత్రిలో అన్నారు. మనిషి దక్కలేదు.

తర్వాత ఒకాయన తన కోటు కోసం వచ్చాడు. "కుట్టు ఎక్కడమ్మా? ఆయనైతే చూపించేవారు" అన్నాడు.

పెద్దమ్మా నేనూ కోటును వెలుగులో పెట్టి తిప్పి తిప్పి చూశాం. మాకు కనిపించలేదు.