జల్లెడ మేడమ్ విదేశ ప్రయాణం

విశ్వవిద్యాలయంలో ఆమెను అసలు పేరుతో పిలిచేది జీతాల విభాగం వారొక్కరే. ఉప్పునీటిని మంచినీటిగా వడగట్టే పలుచని పొరల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తున్న ఆ ప్రొఫెసరమ్మ మిగిలిన అందరికీ జల్లెడ మేడమ్. విద్యార్థులు చాటుగా పెట్టుకున్న ఆ పేరు తన చెవిన పడినప్పుడు ఆమె కోప్పడలేదు. "జల్లెడ కన్నాల కంటే నా పొర కన్నాలు లక్షల రెట్లు చిన్నవర్రా, పోలిక కుదరలేదు" అని దిద్దిందట. దిద్దడం ఆమె స్వభావం. పంటి డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకుని కూడా, ఆయన నర్సుతో అన్న మందు మోతాదు తప్పని వేళ్లతో లెక్క కట్టి చూపించిన మనిషి.

అటువంటి ఆమెకు విదేశంలోని ఒక పేరుమోసిన ప్రయోగశాల నుంచి, తన పరిశోధక విద్యార్థినిని వెంటబెట్టుకుని రమ్మని ఆహ్వానం వచ్చింది. పరిశోధకుల విదేశ ప్రయాణాలు చూసే అధికారి ఆమె సొంత లాప్‌టాప్‌ను, ఫోనును బీరువాలో పెట్టించి, వాటికి బదులు వేరేవి చేతికిచ్చాడు.

"వీటిలో ఏముందండీ?"

"ఏమీ లేదు మేడమ్. అదే వీటి గొప్ప. ఇదివరకే అచ్చయిన వ్యాసాలు మాత్రం పెట్టుకోండి. అక్కడ ఎవరైనా పెన్‌డ్రైవ్ బహుమతిగా ఇస్తే నవ్వుతూ పుచ్చుకోండి గానీ, దీనికి తగిలించకండి."

ఇంట్లో పెట్టె సర్దుతూ భర్త అందుకున్నాడు. "లాప్‌టాప్ ఖాళీది, ఫోను ఖాళీది. మరి నీ బుర్ర సంగతేమిటి?"

"దానికి తాళముందిలెండి."

"తాళముంటే ఏం లాభమే? నోరు బార్లా తెరిచి ఉంటుందిగా!"

ఆమె నవ్వింది కానీ, ఆ మాట మనసులో ములుకులా నాటుకుంది. ఎందుకంటే బుర్రలో దాచుకున్న ఆ సొత్తు ఆమెది కాదు. పొర ఆరేటప్పుడు బీటలు వారకుండా చేసే ఉపాయం కనిపెట్టినది వెంట వస్తున్న అమ్మాయి. వేడి మీద గబగబా కాక, ఆవిరిలో మెల్లగా ఆరబెట్టాలన్నదే ఆ ఉపాయం. పేటెంటు దరఖాస్తు ఇంకా వకీళ్ల బల్ల మీదనే ఉంది. అది దాఖలు కాకమునుపే నలుగురిలో బయటపడితే హక్కు చేజారవచ్చు. ఆ పిల్ల నాలుగేళ్ల కష్టం ఎవరి ఖాతాలోనో జమపడవచ్చు.

మొదటి రోజు ఉపన్యాసం చక్కగా సాగింది. మర్నాడు ఆతిథ్యమిచ్చిన పెద్దాయన వాళ్లిద్దరినీ తన గదికి టీకి పిలిచాడు. మరో నలుగురు పరిశోధకులు కూడా వచ్చి కూర్చున్నారు. గోడకు నల్లబల్ల ఉంది. తెర మీద కనిపించే పాఠం ముందురోజే వండి తెచ్చినది; సుద్దముక్కతో రాసే పాఠం అప్పటికప్పుడు పుట్టేది. దాని ముందు ఏ ఉపాధ్యాయుడి చెయ్యీ ఊరుకోదు. వేళ్లకంటిన సుద్ద కడుక్కుంటే పోతుంది గానీ, ఆ దురద పదవీ విరమణ చేసినా పోదు.

పెద్దాయన లేచి, పొర ఆరే తీరును చూపే ఒక గీత గీశాడు. "పొరను వేడి మీద త్వరగా ఆరబెట్టాలి. మెల్లగా ఆరితే బీటలు వారుతుంది. ఇంతకు మించి దారి లేదు. అంతే కదూ?" అంటూ సుద్దముక్కను ఆమె వైపు చాచాడు.

ఆమె లేచింది. లేచానన్న స్పృహ కలిగేసరికే సుద్దముక్క చేతిలో ఉంది, దాని కొన బల్లకు ఆనింది కూడా. వెనుక విద్యార్థిని చేతిలోని కప్పు సాసరుకు తగిలి టకటకమంది.

ఆ చప్పుడుకు ఆమె చెయ్యి ఆగింది. ఆగిన తరువాత ఆ గీతను మళ్లీ చూసింది. ఈ రంగంలో తల పండిన మనిషి చేయవలసిన పొరపాటు కాదది. పైగా త్వరగా ఆరబెట్టినా బీటలు వారుతాయని తేల్చి, వేరే దారి మాత్రం చెప్పకుండా వదిలేసిన వ్యాసం ఆయనదే. దాన్ని ఆమె తన తరగతిలో ఏటా చదివిస్తుంది.

"సార్, ఇది తప్పని అచ్చు వేయించింది మీరే కదా!" అంది తిరిగి చూసి. "క్లాసులో ఎవరూ నోరు విప్పకపోతే నేనూ ఇంతే చేస్తాను. బోర్డు మీద తప్పు రాసి సుద్దముక్క అందిస్తాను. ఆగలేనివాడెవడో ఒకడు లేస్తాడు."

పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. అంతలోనే ఫక్కున నవ్వాడు.

"లేచారుగా మరి!"

"లేచాను. కూర్చోవడం కూడా వచ్చు."

"అయితే దిద్దడానికేదో ఉందన్నమాట."

"ఉందో లేదో చెప్పవలసింది నేను కాదు, ఈ అమ్మాయి. ముందు మన రెండు విశ్వవిద్యాలయాలూ ఒప్పందం రాసుకోనివ్వండి. ఏది ఎవరిదో తేలాక ఈ అమ్మాయే వచ్చి ఇక్కడ నిలబడుతుంది. నేను మీ పక్కన కూర్చుని వింటాను."

సుద్దముక్కను గట్టు మీద పెట్టి, చేతులు దులుపుకుని, చల్లారిపోయిన టీని తృప్తిగా తాగింది.

ట్రాములో కూర్చోగానే అమ్మాయి ఆమె వైపు తిరిగింది. "మేడమ్, మీరు బోర్డు ముట్టుకునేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి."

"పోవూ మరి! ఇంకోసారి అలాంటిది జరిగితే కప్పు చప్పుడు చేస్తూ కూర్చోకు. 'కూర్చోండి మేడమ్' అని గట్టిగా అను."

"మిమ్మల్నా!"

"నన్నే. వస్తువు నీదైనప్పుడు కాపలా కూడా నీదేనే, పిచ్చిదానా."

తిరిగి వచ్చిన రోజే ఆమె ఆ సంగతి పూసగుచ్చినట్టు ప్రయాణాల అధికారికి చెప్పి, వకీళ్లను నిలబెట్టి తొందరపెట్టింది. అమ్మాయి పేరు ముందుంచి దరఖాస్తు దాఖలైంది. ఒప్పందం మీద సంతకాలయ్యాయి. పెద్దాయన మళ్లీ పిలిచాడు, కానీ ఆమెకు ఆ వారం పరీక్షల పని ఉండడంతో అమ్మాయి ఒంటరిగానే బయలుదేరింది.

"ఈసారి ఎవరేమడిగినా ధైర్యంగా చెప్పు. ఆ ఉపాయం నీదని రాతపూర్వకంగా తేలిపోయింది" అంది మేడమ్.

"ఆ ఉపాయం వరకూ చెబుతాను మేడమ్."

"ఆ ఉపాయం వరకూ అంటే? ఇంకొకటేదైనా దొరికిందేమిటే?"

అమ్మాయి లాప్‌టాప్ సంచీ భుజాన సర్దుకుని, నవ్వి, ఊరుకుంది. మేడమ్ మరి గుచ్చిగుచ్చి అడగలేదు.