మనదే ఆ చప్పుడు

ఒట్టు వేయమంటే వేస్తాను. ఇందులో ఒక్క ముక్క కూడా నేను చేర్చింది కాదు. పత్రికలో పనిచేసినవాణ్ణి, ఇద్దరు చెప్పనిదే రాసే అలవాటు లేదు. దీనికి రెండో మనిషి కూడా ఉంది. పేరు జ్యోతి. వెళ్లి అడగండి. కాకపోతే... ఆ రాత్రి గురించి ఆమె మాట్లాడదు.

జ్యోతి వాళ్లది భిలాయిలో రుఆబాంధా సెక్టార్ చివర ఇల్లు. వాళ్ల నాన్న ఉక్కు ప్లాంటులో చేసేవాడు, నాకు స్నేహితుడు. ఇప్పుడు లేడు. తల్లి నరసమ్మక్కది విజయనగరం వైపు. నన్ను తమ్ముడంటుంది. అలా నేను జ్యోతికి మావయ్యనయ్యాను. జ్యోతి బళ్లో ఫిజిక్స్ చెబుతుంది. మేడ మీద పాతకాలపు పెద్ద టీవీ డిష్షు ఒకటి పెట్టుకుని ఏళ్లుగా ఆకాశాన్ని వింటోంది. ఏదో ఒక లోకంలో ఎవరైనా ఉంటే, వాళ్ల సంకేతం ఒక్కటైనా చెవిన పడుతుందేమోనని.

చలికాలం చివర. రాత్రి అన్నాలవేళ ఫోన్ చేసింది.

"మావయ్యా, జల్దీ రండి. గవాహ్ కావాలి నాకు."

సాక్షి దేనికో చెప్పలేదు. వెళ్లాను. గుమ్మంలోనే నరసమ్మక్క ఆపింది.

"సూడు తమ్ముడూ, రేపు పాతినుం కొనే కబాడీవోడొత్తాడు. ఈ చలికాలంలో ఏటీ తేలకపోతే మేడ మీద ఆ మూకుడు దింపించెత్తానని ఈ గుంట మాటిచ్చింది. నువ్వెల్లి దానికి వత్తాసు పలక్కు. బట్టలారేసుకోడానికి సోటు నేదు!"

నవ్వుకుంటూ స్టీలు గ్లాసులో టీ పట్టుకుని పైకెక్కాను.

డిష్షు పక్కన కంప్యూటర్, చిన్న స్పీకర్. స్పీకర్లోంచి ఉష్...మని హోరు.

"ఇదంతా మన కచ్‌రా మావయ్యా," అంది జ్యోతి. "ప్లాంటు మోటార్లు, రైలు తీగలు, మొబైళ్లు. దుర్గ్ స్టేషన్లో భీడ్ అంతా అరుస్తుంటే ప్లాట్‌ఫాం చివర ఎవరో గుసగుసమన్నారనుకోండి. ఏ చివరో తెలీదు. ఎప్పుడో తెలీదు. ఏ భాషో కూడా తెలీదు. దాన్ని పట్టుకోవాలి."

"పట్టుకున్నా, అది వాళ్లదేనని ఎలా తెలుస్తుంది?"

"ఒకటే రూలు. డిష్షు పక్కకి తిప్పాలి. చప్పుడు పోతే అది ఆకాశంలో ఆ చోటుది. ఎటు తిప్పినా వినబడితే మనది. లోకల్. పారేయాలి. బస్, ఇప్పుడు చుప్‌గా వినండి."

విన్నాను. హోరు... హోరు... అప్పుడు.

టుక్...

టుక్ టుక్.

స్టీలు గిన్నె మీద ఎవరో గోటితో కొట్టినట్టు. చాలా మెల్లగా.

జ్యోతి డిష్షు తిప్పింది. చప్పుడు పోయింది. వెనక్కి తెచ్చింది. వచ్చింది.

"విన్నారు కదా? చెప్పండి, మీరూ విన్నారు కదా?" అంది.

"విన్నాను." అన్నాను.

"ఇంకోసారి. పక్కా చేసుకోవాలి."

ఈసారి కుమ్హారి ఊరి వైపు తిప్పింది. హోరు తప్ప ఏమీ లేదు. కుర్చీలో వెనక్కి వాలి టీ తాగుతున్నాను. సగం గ్లాసు అయింది...

టుక్... టుక్ టుక్.

జ్యోతి ముఖం వాడిపోయింది. "లోకల్," అంది. "మనదే." పాపం, ఎన్నేళ్ల ఎదురుచూపు. నాకు జాలేసింది. నిజం చెప్పాలంటే, కాస్త ధైర్యం కూడా వచ్చింది.

అయినా ఆమెకి ఆశ చావలేదు. ఎర్రగా వెలుగుతున్న ప్లాంటు వైపు తిప్పింది. నిశ్శబ్దం. నేనొక గుక్క తాగాను. టుక్.

గబగబా కిందికి పరుగెత్తి ఇంటి మెయిన్ స్విచ్ కట్టేసింది.

"ఓలమ్మో! సీరియల్ మద్దిలో ఏటే ఇది!" కింద నరసమ్మక్క కేకలు.

చీకటి. కంప్యూటర్ బ్యాటరీ మీద నడుస్తోంది. జ్యోతి మళ్లీ తిప్పింది. నా గ్లాసు పెదాల దాకా రానేలేదు...

టుక్... టుక్ టుక్.

అప్పుడు తట్టింది నాకు. తట్టకపోయినా బాగుండేది.

"జ్యోతీ... మన చప్పుడైతే తిప్పగానే వినబడాలి కదమ్మా. మధ్యలో ఆ ఖాళీ ఏమిటి?"

ఆమె స్పీకర్‌కి చెవి ఆనించింది.

"ఆ ఖాళీ... తగ్గిపోతోంది."

భయమేస్తే ఆ పిల్ల నోట హిందీయే వస్తుంది. "ఢూంఢ్ రహా హై," అంది గొణిగినట్టు. వెతుకుతోంది.

డిష్షుని నేలకేసి బోర్లించేద్దామని లేచింది. దాన్ని నిలబెట్టిన పైపు మీద చెయ్యి వేసింది. ఇంకా తిప్పలేదు. చెయ్యి వేసిందంతే...

చప్పుడు ఆగింది.

చెయ్యి తీసింది. టుక్.

మళ్లీ వేసింది. నిశ్శబ్దం.

మనం గడియ మీద చెయ్యి వేస్తే తలుపవతల మనిషి ఊపిరి బిగబట్టినట్టు... అలా ఉంది ఆ నిశ్శబ్దం. ఖాళీగా లేదు.

"లూజ్ కాంటాక్ట్," అంది జ్యోతి. ఆ గొంతు ఆమెదిలా లేదు. "చెయ్యి తగిలితే ఎర్త్ అవుతుంది. అంతే మావయ్యా."

"అంతే," అన్నాను. అయి ఉండవచ్చు. తీగ బిగించి చూస్తే తేలిపోయేది. ఇద్దరిలో ఎవరమూ ఆ పని చేయలేదు. ఆమె వైరు లాగేసింది. ముందు ఎవరు మెట్లు దిగామో గుర్తులేదు.

తెల్లారి కబాడీవాడు డిష్షు పట్టుకుపోయాడు. "తేలిందేటి?" అని తల్లి అడిగితే "లోకలే అమ్మా" అందట. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

కొన్నాళ్లకి అటు వెళ్లాను. మేడ నిండా బట్టలు. లోపలి గదిలో జ్యోతి పిల్లల పేపర్లు దిద్దుతోంది. నరసమ్మక్క టీ ఇచ్చి నా ఎదుట కూర్చుంది.

"మూకుడెల్లిపోనాక పేనం హాయిగున్నాది తమ్ముడూ. గానీ ఈ మద్ది వంటింట్లో గిన్నెల స్టాండు కాడ ఒకటే టుక్కుటుక్కు. సిత్రమేటంటే, స్టాండు మీద సెయ్యేత్తే ఆగిపోద్ది. తీత్తే మళ్లీ."

లోపల పేపర్ల మీద పెన్ను గీతల చప్పుడు ఆగిపోయింది. జ్యోతి మాత్రం బయటికి రాలేదు.

"ఎలకేనంటావా?" అంది అక్క.

"ఎలకే అక్కా," అన్నాను. "ఇంట్లోదే."

చేతిలో స్టీలు గ్లాసు ఉంది. చప్పుడు కాకుండా... మెల్లగా కింద పెట్టాను.