నీళ్లు తాగడం మానేసిన ఏళ్లు

మా రెండో పాప పుట్టిన కొన్ని నెలలకి, అవనిగడ్డ నుంచి బందరు వెళ్లే బస్సులో నాకు గట్టిగా తుమ్ము వచ్చింది. చీర తడిసిపోయింది. బందరులో అందరూ దిగేదాకా సీట్లోంచి లేవలేదు. "పిల్ల ఒళ్లో పోసేసిందండీ" అని మావారితో అన్నాను. ఆయన నమ్మారు.

కాన్పు తర్వాత మామూలేమో, అదే తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. దగ్గినా, నవ్వినా, బిందె ఎత్తినా అంతే. బయటికి వెళ్లే రోజు నీళ్లు తాగడం మానేశాను. ముదురు రంగు చీరలే కట్టేదాన్ని. పెళ్లిళ్లకి పిలిస్తే ఏదో వంక చెప్పేదాన్ని. నవ్వించేవాళ్లంటేనే చిరాకు పుట్టింది. ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటూ నా వంక చూస్తే, అది నా గురించేననిపించేది. నాకు పొగరని పేరొచ్చింది. పెళ్లికి ముందు నన్ను ఎరిగినవాళ్లెవరూ ఆ మాట నమ్మరు.

మా తోడికోడలు పద్మ, నేను ఒకే ఇంట్లో ఉంటాం. ఒకరోజు తను వంటింట్లోకి వస్తూనే, "ఏంటక్కా ఈ వాసన?" అంది. గ్యాస్ లీకవుతోందేమోనని తన అనుమానం. నన్నే అంటోందనుకుని నానా మాటలూ అనేశాను. ఆ తర్వాత చాలాకాలం మా మధ్య మాటల్లేవు.

ఒక వేసవిలో చలిజ్వరం, నడుంలో పోటు మొదలయ్యాయి. గుడివాడలో ఆసుపత్రిలో చేర్చారు. యూరిన్ కల్చర్, స్కానింగ్ చేసి, ఇన్ఫెక్షన్ కిడ్నీదాకా పాకిందన్నారు. మావారికి సెలవు దొరకలేదు. నా దగ్గర ఉండటానికి, ఎవరూ అడక్కుండానే, పద్మ వచ్చింది.

"నీళ్లు సరిగ్గా తాగట్లేదా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగారు.

"తాగితే ఆగట్లేదండీ." నోట్లోంచి అలా వచ్చేసింది.

ఆవిడ నన్ను దగ్గమని చెప్పి పరీక్ష చేశారు. "దీన్ని స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్ అంటాం, అంటే దగ్గినా బరువెత్తినా మూత్రం ఆగకపోవడం. కాన్పుల తర్వాత చాలామందికి వస్తుంది. ఎక్సర్‌సైజులతో చాలావరకు తగ్గుతుంది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

నాకు ఒళ్లు మండింది. కాన్పుల తర్వాత ఎంతమంది డాక్టర్ల దగ్గరికి తిరగలేదు! పిల్ల బరువెంతని అడిగారు, పాలు చాలుతున్నాయా అని అడిగారు. ఇది మాత్రం ఒక్కరూ అడగలేదు.

అంతా విన్న పద్మకి జాలి కలగలేదు, కోపమొచ్చింది. "నాతో చెప్తే ఊరంతా చాటుతాననుకున్నావా అక్కా?"

"అనుకున్నాను," అన్నాను. తను కిటికీ వైపు తిరిగింది.

ఫిజియోథెరపిస్ట్ పెల్విక్ ఫ్లోర్, అంటే పొత్తికడుపు అడుగు కండరాల ఎక్సర్‌సైజులు నేర్పింది. నెలల తరబడి చేసినా తేడా లేదు. విసిగిపోయి మానేశాను. మళ్లీ వెళ్తే, "మీరు పొట్ట బిగబడుతున్నారండీ. బిగించాల్సింది మూత్రం ఆపుకునే కండరాన్ని" అంది. మళ్లీ మొదటికొచ్చింది. ఇంటికొచ్చి ఏడ్చాను. మర్నాడు మళ్లీ మొదలుపెట్టాను.

ఇప్పుడు చాలావరకు తగ్గింది. పడిశం పట్టినప్పుడు మాత్రం ప్యాడ్ పెట్టుకుంటాను. పద్మ మాట్లాడుతోంది గాని, ఆచితూచి మాట్లాడుతుంది. ఎవరైనా గొంతు తగ్గిస్తే నా చెవులు ఇప్పటికీ అటే పోతాయి. దానికి ఏ డాక్టరూ ఎక్సర్‌సైజు చెప్పలేదు.

మీకూ ఇలా ఉంటే నీళ్లు మానకండి. డాక్టరు ముందు కూర్చోగానే, వేరే మాటేదీ ఎత్తకముందే, "నాకు మూత్రం ఆగట్లేదండీ" అని చెప్పేయండి. వాళ్లు అడుగుతారని ఎదురుచూడకండి.